ఒన్స్ మోర్ పడని పద్యం

వేషం కోసం ముఖానికి అర్దళం రంగు పూసుకుంటుంటే, ఆ వాసనకు ఇప్పటికీ నా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది.

ఎనిమిదేళ్లప్పుడు నాటకంలో నా మొదటి వేషం చచ్చిపోయిన కొడుకుది. తల్లి వేషం కట్టినామె నన్ను ఒళ్లో వేసుకుని శోకపద్యం పాడుతుంటే, ఊపిరి కనబడకుండా పడుకోవాలి. ప్రొద్దుటూరులో నాకు హార్మోనియం మీద స్వరాలు నేర్పిన మస్తాన్ తాతే అదీ నేర్పాడు. "ఒన్స్ మోర్ పడలేదంటే పద్యం సచ్చినట్టే మే" అనేవాడు.

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఆట. పొద్దుగూకేలోగా ముగించాలని పోలీసులు చెప్పడంతో పట్టపగలే ఆడాం. ఊళ్లో ఫ్యాక్షన్, రెండు పార్టీలు. మధ్యలో తాడు కట్టి, ఒక పార్టీవాళ్లను ఇటు, రెండో పార్టీవాళ్లను అటు కూర్చోబెట్టారు.

శోకపద్యం ముగిసింది. ఎవరూ ఒన్స్ మోర్ అనలేదు. నేను ఊపిరి తీసుకోవడం చూసేశారేమోనని భయపడి ఒక కన్ను తెరిచాను. తాడుకు రెండు వైపులా ఆడవాళ్లు నోట్లో కొంగులు కుక్కుకుని ఉన్నారు.

తిరుగు జీపులో ఏడ్చాను. "నా వల్లనే చెడిపోయిందా తాతా?"

"లేదు మే, శానా బాగా పండింది. ఆ పద్యం ఆడ రెండోసారి ఎవురు వింటారు?"

నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు తల్లి వేషం నాది. పట్నాల్లో ఈలలు వేస్తారు, మళ్లీ పాడతాను. మొన్న పులివెందుల దగ్గర ఆడాం. తాడు లేదు, అందరూ కలిసే కూర్చున్నారు. పద్యం ముగిసినా ఎవరూ అరవలేదు. నా ఒళ్లోని పాప భయంగా ఒక కన్ను తెరిచింది.

చేత్తో మెల్లగా దాని కళ్లు మూశాను.