అవ్వ నోటి మాట

నీళ్లు చల్లిన తునికాకు కట్ట వాసన తగిలితే చాలు, ఇప్పటికీ బోధన్‌లో మా పాత ఇంటి అరుగు మీదికే వెళ్లిపోతాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మా అమ్మ, చెరుకు గానుగాడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి మోసుకొచ్చే మడ్డి వాసన, బతుకమ్మ పండుగకు నువ్వుల సత్తు దంచుతూ మధ్యమధ్య మా నోట్లో చిటికెడు పోసే బాపమ్మ, అన్నీ ఒక్కసారే కమ్ముకుంటాయి. అమ్మను మేం అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి.

మా ఇంట్లో ఎవరూ ఏదీ సూటిగా అనేవారు కాదు. బాపమ్మకు కోపమొస్తే గిన్నెలు చప్పుడయ్యేవి. బాపుకు ఇష్టం లేకపోతే ‘చూద్దాం’ అనేవాడు. అవ్వ ఏమడిగినా ‘మీ ఇష్టం’ అనేది. నా తొమ్మిదో ఏట ఆమె కొంగున రక్తపు మరక కనబడినప్పుడు కూడా ఆ జబ్బు పేరు ఎవరూ ఎత్తలేదు. మేనత్తకు వర్ని ఊరి సంబంధం అప్పుడే ఖాయమైంది మరి.

“గీ ముచ్చట గడప దాటద్దు,” అంది బాపమ్మ.

దగ్గు వినబడకుండా అవ్వ నోట్లో కొంగు కుక్కుకునేది. నేను బిక్కుబిక్కుమంటూ వీధి తలుపు వైపు చూసేదాన్ని.

నెల తిరిగేసరికి అవ్వ లేచి నిలబడలేకపోయింది. బాపు, బాపమ్మ ఆమెను నిజామాబాద్‌లో ఒక దవాఖానాకు తీసుకెళ్లారు. నేను అవ్వ చెయ్యి వదలకుండా వెంటపడ్డాను. కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూసి, “ఇది క్షయ. హైదరాబాదులో నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాలి,” అంది, బయటివాళ్లకు వినబడేంత గొంతుతో. బాపమ్మ గబుక్కున లేచి తలుపు దగ్గరికి వేసింది.

“ఇంట్ల పెండ్లున్నది డాక్టరమ్మా. అయినంక పంపుతం.”

“అంతదాకా ఈమె ఉండదు.”

“మా అమ్మ ఎట్లంటె గట్లనే,” అన్నాడు బాపు నేల చూస్తూ.

డాక్టరమ్మ కుర్చీని అవ్వ వైపు జరుపుకుంది. “వాళ్లు చెప్పింది విన్నాను. నువ్వు చెప్పమ్మా, వెళ్తావా?”

అవ్వను అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆమె బాపును చూసింది, బాపమ్మను చూసింది, నా వేళ్లను నొప్పి పుట్టేలా నొక్కింది. ‘మీ ఇష్టం’ అనేస్తుందేమోనని నేను ఆమె మొహంలోకే చూశాను.

“పోత,” అంది అవ్వ. “నాకు బతుకాలనున్నది.”

తిరుగు బస్సులో బాపమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడే బాపు అవ్వను హైదరాబాదు తీసుకెళ్లాడు. ఆమె భీమ్‌గల్‌లో పుట్టింటికి పోయిందని వాడకట్టులో చెప్పమన్నారు. మేనత్త పెళ్లిలో వర్ని వాళ్లలో ఒకావిడ నన్ను ఒళ్లోకి లాక్కుని, “మీ అవ్వేది బిడ్డా?” అంటే, నేనూ అదే చెప్పాను.

పది నెలలకు అవ్వ ఒళ్లు చేసి తిరిగొచ్చింది. అప్పటికి సంగతి అందరికీ తెలిసిపోయింది. చూడవచ్చిన ఆడవాళ్లు అరుగు కిందనే, దూరంగా నిలబడ్డారు. అవ్వ సగం తాగి పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసును బాపమ్మ వాళ్లందరి ముందు ఎత్తి, చివరి గుక్క దాకా తాగి, “ఉప్పు తక్కువైంది,” అంది. అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఆ ఇంటి చోట దుకాణాలు లేచాయి. నా కూతుళ్లు ఇష్టమైతే ఇష్టమని, కాకపోతే కాదని మొహమ్మీదే చెప్తారు. ఆ ఒక్క మాటకు అవ్వ ఎంత కష్టపడిందో చూసినదాన్ని గనుక నాకు సంతోషమే. మొన్న ఈ మజ్జిగ సంగతి చెబితే చిన్నది అంతా విని, “మరి మీ బాపమ్మ తప్పయిందని అనలేదా?” అంది.

“అన్నది కదా,” అన్నాను.

“ఎప్పుడు?” అంది.