గింజ తీసిన సీతాఫలం

గుఢియారీలో ఉండే రైల్వే గార్డు బంగారయ్య డ్యూటీ దిగి రాగానే, యూనిఫాం అయినా విప్పకుండా పెంపుడు కుక్క కోసం సీతాఫలం ఒలుస్తాడు. గింజలు కుక్కకు విషమని ఎవరో చెప్పినప్పటి నుంచి గుజ్జంతా వేళ్లతో నలిపి, కిటికీ వెలుగులో చూసి, ఒక్క గింజా లేదని తేలాకే "టైగర్, సిట్!" అని గిన్నె పెడతాడు. చెయ్యి విరిగి కట్టుతో మంచాన పడ్డ భార్య అప్పలనరసమ్మకు మాత్రం పండును పండులాగే అందించాడు.

"ఒంటిసేత్తో ఎలా తింతానండీ? కుక్కకి కట్టినట్టు నా మెడకీ ఓ పట్టా కట్టెయ్యండి, అప్పుడైనా గింజలు తీత్తారు!" అందామె.

బంగారయ్యకు సిగ్గేసింది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆమె కోసం గింజలన్నీ ఏరి, గిన్నె పట్టుకుని మంచం ముందు నిలబడ్డాడు. నోటికి అలవాటు పోలేదు.

"సిట్!" అన్నాడు.

అప్పలనరసమ్మ మోచేతి మీద లేచేలోగా, గిన్నె ముందు టైగర్ బుద్ధిగా కూర్చుంది.