క్రేను పెట్టెలో అయస్కాంతం

హోసూరులో నా రిపేరు అంగడికి వచ్చే సామాన్లలో సగానికి ఒకటే జబ్బు, అరుగుదల. ఆటల రిమోటు కానీ, ఫ్యాక్టరీ మిషను కానీ, జాయ్‌స్టిక్కు అడుగున నల్లటి కార్బన్ పూత మీద సన్నటి లోహపు నాలుక ఒకటి రాసుకుంటూ తిరుగుతుంది. ఏళ్ల తరబడి రాసుకుంటే పూత లేచిపోతుంది. అప్పుడు స్టిక్కు నడిమధ్యన ఉన్నా మిషను ఎవరో తోసినట్టు ఒక పక్కకు జరుగుతూ ఉంటుంది. పొటెన్షియోమీటరు అనే ఆ భాగాన్ని పీకడం, అలాంటిదే ఇంకొకటి పెట్టడం, కొన్నాళ్లకు దాన్నీ పీకడం. నాకు విసుగు పుట్టింది. నా కళ్లూ నడుమూ వాటికంటే ముందే అరిగాయి. అందుకే ఈమధ్య వాటి బదులు అయస్కాంతపు సెన్సర్లు పెడుతున్నాను. వీటిలో ఏదీ దేన్నీ తాకదు. స్టిక్కు కింద చిన్న అయస్కాంతం తిరుగుతుంటే సెన్సరు కాస్త దూరం నుంచే దాన్ని పసిగడుతుంది.

ఒకరోజు ఒక పెద్దాయన, మెడకు తగిలించుకుని నడిపే క్రేను రిమోటు పెట్టెను తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు. కృష్ణగిరి దగ్గర గ్రానైటు యార్డులో క్రేను ఆపరేటరు. సొంత ఊరు బేరిగై. వారమంతా యార్డు షెడ్డులోనే పడుకుని, ఆదివారం ఊరికి పోతాడు.

"ఎడమకు లాగుతాదప్పా. నాకేం కష్టం లేదు, అలవాటైపోయింది. ఓనరే వినలేదు" అన్నాడు.

ఆయన జ్వరంతో పడుకున్న రోజు ఓనరు మేనల్లుడు పెట్టె పట్టుకున్నాడట. వేలాడుతున్న రాతి దిమ్మె ఎడమకు జరిగి, పక్క దిమ్మె అంచు పగలగొట్టిందట. దాంతో ఓనరు పెట్టెను రిపేరుకు పంపాడు.

పెట్టె విప్పితే గుప్పెడు రాతి పొడి రాలింది. తుడిచి, పాతవి తీసి, సెన్సర్లు బిగించి, కంప్యూటరుకు తగిలించాను. తెర మీద చుక్క సరిగ్గా మధ్యన నిలబడింది. పట్టుకుని చూడమని ఆయన చేతికిచ్చాను. చుక్క కుడికి పోయింది.

"బొటనవేలు తియ్యన్నా."

"తీసినానప్పా."

తియ్యలేదు. తీశాననే ఆయన నమ్మకం. ఎడమకు లాగే స్టిక్కును ఇన్నేళ్లూ కుడికి ఆనించి పట్టిన వేలు అది. దానికి ఇప్పుడు ఆనించకుండా ఉండడం చేతకావడం లేదు.

"కొంచెం ఎడమకే పెట్టేయప్పా, పాత మాదిరే" అన్నాడు మెల్లగా.

అది చిటికెలో పని. నడిమధ్య ఎక్కడుందో సెన్సరుకు నేర్పేటప్పుడు స్టిక్కును కాస్త వంచి పట్టుకుంటే చాలు. నాకు ఒళ్లు మండింది. "కింద గొలుసులు కట్టేవాళ్లు మనుషులు కారా?" అని గట్టిగానే అన్నాను.

"ఇన్నేండ్లలో నా చేతికింద ఒక్కరికి గీత పడలేదప్పా. రేపు ఓనరు ముందర చెయ్యి వంకర పోతే నన్ను నిలిపేస్తాడు. మేనల్లుడు కాచుకోని ఉండాడు. ఈ వయసులో నాకు ఇంకో పని యాడ దొరుకుతాది?"

ఇంకెవరి చేతికీ లొంగని ఆ లాగుడే ఆయన ఉద్యోగాన్ని ఇన్నాళ్లూ కాపాడిందని నాకప్పుడు తెలిసింది. కోపం చల్లారింది కానీ ఎడమకు మాత్రం పెట్టలేదు. ఎలాగూ పెట్టెను క్రేను దగ్గర సరిచూడాలి కాబట్టి, పొద్దున్నే నేనూ వస్తానన్నాను.

ఓనరు రాకముందే ఇద్దరం యార్డులో ఉన్నాం. ఉత్త కొక్కేన్ని ఆడించి చూశాడు. కుడికి పోయింది. మళ్లీ పోయింది. ఆయన తన వేలిని తిట్టుకున్నాడు, నేను ఆయన్ని తిట్టాను. చివరికి తువ్వాలు అంచు చింపి, బొటనవేలిని అరచేతికి కట్టేసుకుని, మిగతా వేళ్లతో స్టిక్కు పట్టుకున్నాడు. కొక్కెం కదలకుండా నిలబడింది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం.

ఓనరు మేనల్లుడితో వచ్చాక, పెద్దాయన ఒక పెద్ద దిమ్మెను ఎత్తి, చప్పుడు కాకుండా లారీ మీద దించాడు. నాకు ప్రాణం కుదుటపడింది. ఓనరు తలాడించి, పెట్టె తీసి మేనల్లుడి మెడలో వేశాడు. ఆ అబ్బాయి రెండో దిమ్మెను మొదటిదాని పక్కనే అంతే నెమ్మదిగా దించాడు. తడబడలేదు. తడబడాలని నేను మనసులో ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"పెద్దాయనా, నువ్వు కొన్నాళ్లు ఇంటికి పోయి రెస్టు తీసుకో. కావాలంటే పిలుస్తాను" అన్నాడు ఓనరు.

ఎన్నాళ్లని ఆయన అడగలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను. ఓనరు నా భుజం తట్టి, "మిషను బాగా చేసినావు కదప్పా, ఇంకేముండాది?" అన్నాడు. మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నాకు చెంపదెబ్బలా తగిలింది.

షెడ్డులో ఉన్న బట్టలు సంచిలో పెట్టుకుని ఆయన నాతోనే బస్సెక్కాడు. హోసూరులో దిగి బేరిగై బండి పట్టుకోవాలి. సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. శూళగిరి దాటాక నా వైపు తిరిగాడు.

"మళ్లా ఎప్పుడు చెడిపోతాదప్పా అది?"

ముఖంలో ఎంత ఆశో. ఏడాదనో రెండేళ్లనో ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ అలా చెబితే బేరిగైలో ఆయన దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

"చెడిపోదన్నా" అన్నాను. చేసిన పని చెడిపోతే బాగుండునని నా బతుకులో మొదటిసారి అనుకున్నాను.