యోర్దాంకా తలకు వైద్యం

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ ఊళ్లో ముప్పై ఏళ్లుగా అందరి జుట్టూ చక్కదిద్దే యోర్దాంకాకు సొంత జుట్టు మాత్రం చీపురుకట్ట. రోజూ స్ట్రెయిట్నర్‌తో సాగదీసుకున్న ఫలం. ఆదివారం వస్తే తలకు పెరుగో తేనో పట్టించుకుని, తువ్వాలు చుట్టుకుని, గొప్ప వైద్యురాలిలా కూర్చుంటుంది. మొన్న గుడ్డుసొన పట్టించి, పొగలు కక్కే నీళ్లతో కడిగింది. అది కాస్తా తలమీదే ఉడికిపోయింది.

మర్నాడు, జుట్టు చేయించుకోవడానికి ఏళ్ల తరబడి ఆమె దగ్గరికే వస్తున్న వేస్కా అద్దంలోంచి చూసి, "తలలో ఆ పలుకులేంటక్కా?" అంది.

"అట్టు వేశానే. ఉప్పే తక్కువైంది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే వేస్కా టోపీ తీసింది. లోపలంతా కమిలిన పీచు. "నాకూ ఏదైనా చెప్పక్కా," అంది.

యోర్దాంకా నవ్వు ఆగిపోయింది. ఆ జుట్టును నెలనెలా స్ట్రెయిట్నర్‌తో కాల్చింది తన చేతులే. ఆలివ్ నూనె గోరువెచ్చగా చేసి, ముందు వేస్కా తలకే పట్టించింది.