సొరబుర్రలో మిగలని వంకాయ గింజలు

పేడనీళ్ళలో నానిన వంకాయ గింజలకు ఒక వాసన ఉంటుంది, పచ్చిగా, కొంచెం పుల్లగా, వాన పడ్డ పశువుల కొట్టం వాసనలాగ. కోనరావుపేట దగ్గర మందులు కొట్టకుండా కూరగాయలు పండించే నా ఎకరం చెలకలో, ఎండాకాలం కాపుకు నారు పోసే ఈ జనవరి మొదటి రోజుల్లో, ఆ వాసనే నాకు కొత్త సంవత్సరం. పోయిన ఏడాది ఏది కాసింది, ఏది ఎండింది అని తలపోసుకుంటూ గట్టు మీద కూర్చుని గింజల మూట విప్పుతాను. విప్పిన ప్రతిసారీ నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు వస్తాయి, కోపమూ వస్తుంది.

మా ఇంట్లో విత్తనాలు సొరబుర్రలో ఉండేవి. బాపు వాళ్ళమ్మ, నా బాపమ్మ, ఎండిన సొరకాయను గుల్ల చేసి, బూడిద కలిపిన గింజలు పోసి, మూతికి పేడ మెత్తి, పొగ తగిలితే పురుగు పట్టదని పొయ్యి మీది దూలానికి వేలాడదీసేది. ఊదారంగు మీద తెల్లచారలు, తొడిమకు ముళ్ళు, నువ్వులపొడి వేసి వండితే వీధి మలుపు దాకా వాసన వచ్చే వంకాయలు అవి. కాపులో మంచి కాయలకు ఎర్రగుడ్డ పేలిక కట్టి విత్తనానికి వదిలేస్తే, ఎంత ఆకలైనా ఎవరూ వాటిని తెంపేవాళ్ళు కాదు. చలి మంటల దగ్గర అరచేతులు కాచుకుని, వాకిట్లో రంగుల ముగ్గు వేసి, లంగా ఒడిలో రేగుపళ్ళు పోసుకుని తిరిగే ఆ రోజుల్లోనే నారుమడి దున్నేవాళ్ళు. మొదటి పిడికెడు బాపు చల్లాలి, ఆయనది మంచి చెయ్యి అని అందరి నమ్మకం. బాపమ్మకు ఇంకో పట్టింపు ఉండేది. ఏ ఏడాదైనా సగం గింజలే నానాలి, సగం బుర్రలో ఉండాలి.

నాకు తొమ్మిదేళ్ళున్న ఆ ఏడాదికి మా బోరు ఎండి రెండేళ్ళు. వాడకు ఇద్దరు ముగ్గురు దుబాయి బాట పట్టారు. మా బాపు మాత్రం పోడని నాకు ధీమా, ఎందుకంటే నారు పోయాలి కదా. పండుగ ఇంకా పది రోజులుండగానే అమ్మ సకినాలు చేసింది. విరిగినవి నా చేతిలో పెట్టి, మంచివన్నీ డబ్బాలో సర్దుతుంటే, ఎవరికని అడగాలని కూడా తోచలేదు నాకు. నువ్వులు కరకరలాడుతుంటే తింటూ కూర్చున్నాను.

మరునాడు పొద్దున బాపు ఉతికిన అంగీ తొడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"సిరిసిల్లకు పోయస్త బిడ్డా. పొద్దుగూకెవరకు అచ్చి నారు పోద్దాం. నువ్వు గింజలు నానవెట్టు. అన్నీ నానవెట్టు, గీసారి మడి పెద్దగ చేద్దాం."

అమ్మా బాపమ్మా ఆయన వెంట బస్సు దాకా పోయారు. అంత పెద్ద పని నాకే చెప్పాడన్న మురిపెంలో నేను బుర్ర మూతి పగలగొట్టి మొత్తం నానబోశాను. తిరిగొచ్చిన బాపమ్మ ఖాళీ బుర్రను చూసి పొయ్యి ముందు కూలబడింది.

మరునాడు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా, నేను చల్లుత."

"బాపు రాడా?"

"అస్తడు. రేపు అస్తడు."

"గట్లయితే రేపే చల్లుదాం."

నానిన గింజలు కట్టిన తడిమూటను నేను గడ్డివాములో దాచి, ఎంత అడిగినా చోటు చెప్పలేదు. నేను అడిగిన ప్రతి రోజూ వాళ్ళు రేపు అన్నారు, వాళ్ళు రేపు అన్న ప్రతి రోజూ నేను మూటను దాచే ఉంచాను. ఆరో రోజు బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, "మీ బాపు, మా బాపు ఒక్కతాన్నే బొంబాయి పోయిండ్రు గదా, దుబాయికి" అంది. తరగతిలో అందరికీ తెలుసు. నాకే తెలియదు. నేను ఏడుస్తూ అడ్డం వస్తే ప్రయాణం చెడుతుందని పెద్దవాళ్ళు ముందే అనుకున్నారట. ఇంటికి ఉరికి మూట విప్పితే గింజలు జిగటగా, ముక్కు పగిలే కంపు. బాపమ్మ వాటినే చల్లింది. ఒక్క మొలకైనా రాని మడికి నెల రోజులు నీళ్ళు మోసింది.

మూడేళ్ళకు బాపు వచ్చాడు, అత్తరు సీసాతో, పూల దుప్పటితో, నాకు గౌనుతో. వచ్చిన పూట అమ్మ గంభీరావుపేట అంగడి నుంచి తెచ్చిన వంకాయలు వండితే, ఒక ముద్ద నమిలి, "గిది మనది కాదు గదా" అన్నాడు. నేను ఆ గౌను తొడుక్కోలేదు.

తర్వాత ఆ చారల వంకాయ కోసం కోరుట్ల, జగిత్యాల అంగళ్ళలో వెతికాను, వీర్నపల్లి తండాల్లో ముసలమ్మలను అడిగాను. ఎక్కడా లేదు. ఇప్పుడు నావి వేరే ఊళ్ళ నాటు గింజలు, సీసాల్లో ఉంటాయి. పొయ్యి లేదు, దూలం లేదు, బాపమ్మ లేదు. బాపు నా దగ్గరే ఉంటాడు. పేదరికం ఆయనతో ఆ అబద్ధం ఆడించిందని నాకు తెలుసు. తెలిసినా, నన్ను మాయ చెయ్యడానికి ఆ గింజలే దొరికాయా అనిపిస్తుంది.

ఈ పొద్దున కూడా బాపు గట్టు మీదికి వచ్చి, నా చేతిలోని మూట వైపు చూశాడు.

"అన్నీ నానవెట్టినవా బిడ్డా?"

"సగమే, బాపు."

గింజల కోసం ఆయన చెయ్యి కొంచెం ముందుకు వచ్చి ఆగింది. మొదటి పిడికెడు నేనే చల్లాను.