ఇల్లు లేనివాడి ఇలవేల్పు పండుగ

మా అన్నయ్య విటోమిర్ ఇల్లు అమ్మేశానని చెప్పిన రోజు నేను పెరట్లో పొయ్యి మీద ఎర్ర బుంగమిరపకాయలు కాలుస్తున్నాను. సెప్టెంబరు నెలలో వాల్యెవో ఊరంతా అదే వాసన. చలికాలానికి వాటితో పచ్చడి పెట్టుకోని ఇల్లంటే మా వైపు ఇల్లే కాదు. అతను పెరటి గేటు తీసుకుని వచ్చి, బోర్లించిన బాల్చీ మీద కూర్చుని, వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు.

"ఇల్లు అమ్మేశాను, ల్యూబింకా."

"ఏ ఇల్లు?"

"నాకెన్నిళ్లున్నాయే? నాన్న ఇల్లే. మూడో అంతస్తుది."

"మరి ఎక్కడికి మారుతున్నావ్?"

"ఎక్కడికీ లేదు. ఇంక ఇల్లు పెట్టుకోను."

చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది. కాయ మాడి బొగ్గయిపోయింది. అరవై మూడేళ్ల మనిషి, మతి చెడినవాడు కాదు, తాగుబోతు కాదు, అప్పుల్లో లేడు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. చొక్కాల ఫ్యాక్టరీ మూతపడ్డాక తోలు సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతూ బతికాడు. ఈ చుట్టుపక్కల ఆడవాళ్లలో అతని చేతికి మిషన్ ఇవ్వనివాళ్లు లేరు. వదిన నెవెనా పోయి నాలుగేళ్లయింది. పిల్లల్లేరు.

"ఏం రోగం నీకు?" అన్నాను.

"రోగం కాదు. ఆ ఇంటికి నేను కాపలావాణ్ణయిపోయా. పైపు కారితే నేనే, గోడ చెమ్మెక్కితే నేనే. నెవెనా కొన్న గాజు గ్లాసులు ఇరవై నాలుగు. ఏడాదికోసారి అన్నీ దించి, కడిగి, తుడిచి, మళ్లీ పైన పెడతా. నేను నీళ్లు తాగేది ఒక్క గ్లాసుతో. రెండు చొక్కాలు, ఈ సంచీ చాలు నాకు."

"పడుకునేదెక్కడ?"

"పనికెళ్లిన చోట. పొద్దుపోతే ఉండిపొమ్మనే అంటారు. లేదంటే మఠంలో అతిథుల గదుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలు పెరట్లో పచ్చళ్లు పెట్టుకుంటుంటే అన్న ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడని రేపు ఊరంతా నన్నే అంటారు. "ఇల్లు లేని మనిషివి ఇంక నా గుమ్మం తొక్కకు!" అని అరిచాను. అతను కాలిన కాయ ఒకటి తీసుకుని, పొట్టు ఒలిచి, ఉప్పద్దుకుని తిన్నాడు. బాల్చీని ఉన్న చోటే మళ్లీ సర్ది పెట్టి వెళ్లిపోయాడు.

నా బాధ గోడల కోసం కాదు. మాలో ఇలవేల్పు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఆడపిల్ల పెళ్లయ్యాక మొగుడింటి వేల్పుని కొలుస్తుంది. ముప్పై నాలుగేళ్లుగా మా ఆయన మిలోయె ఇంటి పండుగ నేనే చేస్తున్నాను, ఇష్టంగానే చేస్తున్నాను. కానీ మా పుట్టింటి వేల్పు పునీత దిమిత్రి. నవంబరు ఎనిమిదిన ఆయన పండుగకి అన్నయ్య ఇంటికి అతిథిగా వెళ్తాను. నాన్న కూర్చున్న గదిలో, నాన్న దండం పెట్టుకున్న పటం ముందు, కొవ్వొత్తి వెలుగుతుంటే ఆ ఒక్క పూట నేను మా నాన్న కూతుర్ని. ఏడాది మొత్తానికి నాకున్నది ఆ పూటే. దాన్ని నాతో మాటయినా అనకుండా అమ్మేశాడు.

రెండు నెలలు మాట్లాడుకోలేదు. ఎవరో ఒకరు మాత్రం చెబుతూనే ఉన్నారు. ఫలానా ఊళ్లో ఫలానావాళ్ల వంటింట్లో కనబడ్డాడట, బుగ్గలొచ్చాయట. బుగ్గలు రావడం నాకు మరీ మంటెక్కించింది.

పండుగ వారంలో పడింది నా నెత్తిన పిడుగు. మా ఇలవేల్పు పండుగకి ఎవరినీ పిలవరు. పిలవకూడదు. ఒకసారి వచ్చినవాళ్లు బతికున్నంతకాలం అదే రోజు వచ్చి అదే తలుపు తడతారు. పిలవనివాళ్లని రావద్దని చెప్పడం ఎలా? ఫోన్ చేసి రావద్దంటే తిట్టినట్టే. మూడు రోజులు ఫోన్ ముందు కూర్చుని లేచాను. ఆఖరికి పండుగ నాడు అన్నయ్య అమ్మేసిన ఇంటి మెట్ల కిందే నిలబడి, వచ్చినవాళ్లని వచ్చినట్టు వెనక్కి పంపేద్దామని బయల్దేరాను.

పదకొండింటికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. మూడో అంతస్తులో తలుపు బయట ఏడు జతల బూట్లున్నాయి. లోపల్నుంచి నవ్వులు వినబడుతున్నాయి. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

ముందు గదిలో ఇంకా విప్పని అట్టపెట్టెలు. వాటి మధ్య మా అన్నయ్య పెళ్లికి సాక్షిగా నిలబడ్డ ఓబ్రాద్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, గొంతు విప్పితే కిటికీలు అదురుతాయి. మిగతా ఆరుగురు గోడ పొడుగునా సర్దుకున్నారు. మధ్యలో ఒక చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు, చంకలో ఎనిమిది నెలల బిడ్డతో, ఒంటి చేత్తో కాఫీ కప్పులు పంచుతోంది. ఇల్లు కొన్నావిడ ఆ పిల్లే. పేరు సాన్యా అని తరువాత తెలిసింది.

"రావమ్మా ల్యూబింకా, రా!" అని ఓబ్రాద్ గర్జించాడు. "మీ అన్న చేసిన పని చూశావా? ఈ వయసులో పెళ్లి చేసుకుని నాకు మాటమాత్రం చెప్పలేదు. నేను సాక్షిని! సరే, పెళ్లి దాచాడు, పిల్లాణ్ణి కూడా దాస్తాడా? ఆ ముక్కు చూడు, అచ్చం విటోమిర్ ముక్కే!"

సాన్యా నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది. కళ్లనిండా నీళ్లు.

"అక్కా, వీళ్లెవరు? పొద్దున్నే తలుపు తీస్తే 'పండుగ శుభాకాంక్షలు' అని బుగ్గల మీద ముద్దులు పెట్టేసి లోపలికొచ్చేశారు. ఇలవేల్పు పండుగ నాడు వచ్చినవాళ్లని పొమ్మనకూడదు కదా. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను చెప్పబోతే వినిపించుకోకుండా ఇందాకట్నించి గోధుమలేవి, గోధుమలేవి అంటున్నారు. నేనేం చెయ్యను?"

ఉడికించిన గోధుమల్లో చక్కెర, అక్రోట్లు కలిపి చేసేదే మాకు ప్రసాదం. గుమ్మంలోనే ఒక చెంచా నోట్లో వేసుకోకుండా ఎవరూ కూర్చోరు. అది లేకుండా పొద్దుట్నించి కూర్చున్నారంటే ఓబ్రాద్‌కి ఈ పెళ్లి వార్త ఎంత మత్తెక్కించిందో మరి.

గదిలోకి వచ్చి ఒక్కసారిగా కక్కేశాను. "ఇది విటోమిర్ ఇల్లు కాదు. అమ్మేశాడు. ఈ అమ్మాయి ఎవరో నాకే తెలీదు. మా అన్నకి ఇల్లు లేదు!"

ఓబ్రాద్ ముఖం బీట్‌రూటంత ఎర్రబడింది. చేతిలో కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. మిగతావాళ్లు గోడ పట్టుకుని లేస్తున్నారు. డెబ్భైలు దాటిన మనుషులు, పరాయి ఇంట్లో దొంగల్లా దొరికిపోయినట్టు తలలు దించుకున్నారు. వాళ్లని చూసి నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, ఏడుపొచ్చింది.

అప్పుడు తలుపు దగ్గర అన్నయ్య కనిపించాడు. గుడ్డలో చుట్టిన పండుగ రొట్టె చంకలో ఉంది. రొప్పుతున్నాడు. తెల్లవారకముందే గుడికెళ్లి పూజారి చేత రొట్టె కోయించి, అందరూ బస్సులోనే వస్తారని బస్టాండులో కాపు కాశాడట. ఓబ్రాద్ ఈ ఏడు అల్లుడి వ్యానులో అందర్నీ ఎక్కించుకుని వచ్చాడు. బస్సులోంచి ఎవరూ దిగకపోయేసరికి అన్నయ్య ఇటు పరుగెత్తుకొచ్చాడు.

అతను గడప దాటలేదు. నాన్న ఇంటి గడప అవతల, కాళ్లు తుడుచుకునే గోనె మీదే నిలబడ్డాడు. "మన్నించమ్మా," అన్నాడు సాన్యాతో.

"పటం ఏదిరా?" అన్నాడు ఓబ్రాద్.

అన్నయ్య తోలు సంచీ తెరిచాడు. స్క్రూడ్రైవర్ల మధ్య, నెవెనా వంటింటి గుడ్డలో చుట్టి, మా నాన్న దండం పెట్టుకున్న దిమిత్రి పటం.

"కొవ్వొత్తి ఎక్కడ వెలిగిద్దామనుకున్నావ్?"

"బస్టాండులో. బెంచీ మీద గోధుమల గిన్నె కూడా పెట్టి వచ్చాను."

బస్టాండులో! టికెట్ల కిటికీ పక్కన, మా నాన్న దేవుడు!

"మా ఇంటికి పద," అన్నాను.

"గుమ్మం తొక్కొద్దన్నావ్ కదే."

"ఇప్పుడు తొక్కమంటున్నా. నోరుమూసుకుని నడు!"

సాన్యాని బిడ్డతో సహా వ్యానులో కూర్చోబెట్టాడు ఓబ్రాద్. పరాయివాళ్లకి కాఫీలిచ్చిన పిల్లని పండుగ భోజనం లేకుండా వదలనని పట్టుబట్టాడు. దారిలో బస్టాండు బెంచీ మీది గోధుమల గిన్నె తీసుకున్నాం. మా ఇంట్లో తూర్పు గోడకి మిలోయె ఇంటి వేల్పు పటం పక్కన మా నాన్న పటం పెట్టాం. అన్నయ్య కొవ్వొత్తి వెలిగించాడు. ఆ పండుగలో ఇంటాయన కూర్చోకూడదు. ఇల్లు లేని ఇంటాయన నా ఇంట్లో పొద్దుగుంకేదాకా నిలబడే అందరికీ వైన్ పోశాడు. నేను మాత్రం బిగదీసుకునే ఉన్నాను.

అందరూ వెళ్లాక గ్లాసులు కడుగుతూ అడిగేశాను. "నాన్న ఇల్లు అమ్మడానికి నీకు మనసెలా వచ్చింది?"

అతను తుడుస్తున్న గ్లాసు కింద పెట్టాడు. "పండుగ నాడు కాకుండా ఆ ఇంటికి నువ్వెప్పుడొచ్చావ్?"

"నెవెనా పోయినప్పుడు!" అన్నాను వెంటనే.

"అది నాలుగేళ్ల క్రితం. దానికి ముందు?"

మా ఇంటికీ ఆ ఇంటికీ ఇరవై నిమిషాల నడక. ఇంకో రోజు గుర్తొస్తుందేమోనని వెతికాను. కొళాయి పారుతూనే ఉంది. ఇంకొకటి దొరకలేదు.

"నిన్ననడం లేదే," అన్నాడు. "నేను మాత్రం వచ్చానా? నాకిల్లుంది, నీకిల్లుంది, ఇంకెందుకు పోవడం? ఈ రెండు నెలల్లో పద్నాలుగు ఇళ్లలో పడుకున్నా. పద్నాలుగు వంటిళ్లలో కూర్చుని మాట్లాడా. అంతకుముందు నాలుగేళ్లలో అన్ని మాటలాడలేదు."

ఆ రాత్రి ముందు గదిలో పక్క వేశాను. తెల్లారి నేను లేచేసరికే వంటింట్లో కూర్చుని నా మిషన్‌కి నూనె పెడుతున్నాడు. కాఫీకి గిన్నె పెట్టాను. మా కాఫీలో చక్కెర నీళ్లు మరగకముందే వేయాలి, తరువాత వేస్తే కుదరదు. మిలోయెకి చేదుగా, ఓబ్రాద్‌కి రెండు చెంచాలు, ఉత్తరాలు తెచ్చే అతనికి ఒకటిన్నర. అన్నీ నాకు కంఠస్థం. చెంచా డబ్బాలో ముంచి అలాగే ఆగిపోయాను. అన్నయ్యకెంతో నాకు తెలీదు.

ఇంటికి మొట్టమొదటిసారి వచ్చిన పరాయివాళ్లని అడిగే మాట అది. యాభై తొమ్మిదేళ్లకి, నా ఒక్కగానొక్క అన్నని అడిగాను.

"చక్కెర ఎంత వెయ్యను, అన్నయ్యా?"

"ఒక చెంచా," అన్నాడు. తరువాత మిషన్ మీంచి తలెత్తి నా వంక చూశాడు. "నీకో?"