మాత్ర ఆగేదాకా

మా పిన్ని దర్జీ. ఒళ్ళు చేసినవాళ్ళ బట్టలు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ళవి బిగిస్తుంది. ఎవరి నడుము ఎంత పెరిగినా నోరు మెదపదు. తన నడుము దగ్గరే తంటా అంతా. కాలేజీ రోజుల్లోనే బులీమియా పట్టుకుంది. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తినడం, వెంటనే బాత్రూంలో దూరి, చప్పుడు బయటికి రాకుండా కుళాయి తిప్పి కక్కేయడం. డాక్టరు దిగులుకిచ్చే మాత్రే దీనికీ రాశాడు, వారం వారం వచ్చి మాట్లాడమన్నాడు. కొన్ని నెలలకు పిన్ని అందరితో పాటు కూర్చుని తిని, అందరితో పాటు లేవడం మొదలుపెట్టింది. మందు మాత్రం ఏళ్ళ తరబడి సాగుతోంది.

ఇంతలో ఆవిడ స్నేహితురాలు పొరుగూళ్ళో కుట్టు దుకాణం తెరిచి, రెండో మిషన్ నీకే, వచ్చేయమంది. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ అడ్డం పడింది.

"మాత్రలు మింగే పిల్లని ఒంటరిగా ఎలా పంపుతానే? మానేశాక వెళ్దువుగాని."

మందు ఉందంటే జబ్బు ఉన్నట్టేనని మా అమ్మమ్మ లెక్క. ఆ లెక్కన కళ్ళజోడు పెట్టుకునే ఆవిడకి ఏమీ కనిపించకూడదు.

పిన్ని డాక్టరుకు చెప్పకుండా మానేసింది. మొదట తల తిరిగేది, ఊరికే చిరాకు పడేది. పంటి బిగువున భరించింది. తర్వాత భోజనం కాగానే కుళాయి మోత మొదలైంది. అమ్మమ్మ లబోదిబోమంటూ బాత్రూం గడియ ఊడబీకించింది. పిన్ని లోపలికి వెళ్తే చాలు, ఇల్లంతా చెవులు రిక్కించేది. బయటికొచ్చాక ఆవిడ ముఖం చూడలేకపోయేదాన్ని.

డాక్టరు మందు మళ్ళీ మొదలుపెట్టించి, అమ్మమ్మతోనే అన్నాడు.

"ఆపే రోజొస్తే నేనే మెల్లిగా తగ్గిస్తానమ్మా. అప్పటిదాకా మందు వేసుకుంటూ ఎక్కడైనా ఉండొచ్చు."

"ఆయనకేం, ఎన్నైనా చెప్తాడు. కన్నది నేను," అంది అమ్మమ్మ మెట్లు దిగుతూ.

పిన్ని తేరుకోవడానికి చాలాకాలం పట్టింది. ఒంటరిగా ఉంటే మళ్ళీ తిరగబెడుతుందేమోనని లోపల తనకీ భయమే. ఆ భయమే అమ్మమ్మకి బాగా కలిసొచ్చింది.

నిన్న స్నేహితురాలు ఫోన్ చేసి, ఆ మిషన్ వేరొకరు అడుగుతున్నారు, ఏ సంగతో తేల్చమంది. పిన్ని కడుపునిండా తిని, కంచం కడిగి, అమ్మమ్మ ఎదుట నిలబడింది.

"బాగానే ఉన్నాగా అమ్మా. వెళ్ళనా?"

"వెళ్దువుగాని. ముందు ఆ మాత్ర ఆగనీ."

అంటూనే మాత్ర, నీళ్ళ గ్లాసు చేతికందించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని మాత్ర మింగి, గ్లాసు తిరిగి ఇచ్చేసింది.